అంగదుడి లెక్క

మన ఆడిటోరియంలో ఏడాదికి రెండుసార్లైనా ఎవరెస్టు కనిపిస్తుంది. ఫస్టియర్ ఓరియెంటేషన్‌లో ఒకసారి, ప్లేస్‌మెంట్ సీజన్ ముందు ఇంకోసారి. ప్రొజెక్టర్ మీద తెల్లటి శిఖరం, దాని మీద జెండా పట్టుకున్న ఓ మనిషి, వెనకాల దడదడలాడే మ్యూజిక్. మైకు పట్టుకున్నాయన గొంతు పెంచి "వాళ్లు ఆగలేదు, మీరెందుకు ఆగుతారు?" అంటాడు. మనం గట్టిగా చప్పట్లు కొడతాం. కొందరు నిజంగానే కొడతారు, కొందరు బయట సమోసాలు రెడీగా ఉన్నాయని తెలిసి కొడతారు.

ఆ స్లైడుతో నాకు పేచీ ఉంది. ఎవరెస్టుతో కాదు, దాని కింద రాసే మాటతో. కసి ఉంటే చాలు, భయపడకపోతే చాలు, మధ్యలో వదలకపోతే చాలు అన్నది ఆ మాట సారాంశం. పర్వతాల మీదకీ ధ్రువాలకీ వెళ్లినవాళ్ల కథలు నేను కొంచెం పిచ్చిగానే చదువుతాను (మెకానికల్ ఫైనలియర్‌లో చదవాల్సినవి వేరే ఉన్నాయని తెలుసు). వాటిల్లో ఎక్కడా నాకు ఈ సూత్రం పనిచేసినట్టు కనిపించలేదు. చాలాచోట్ల అది మనిషిని చంపింది. అలాంటి యాత్రలకి మనసుని సిద్ధం చేసుకోవడమంటే, నాకర్థమైనంతలో, ఎక్కడ వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే తేల్చుకుని, ఆ తేల్చుకున్నదాన్ని అక్కడ తనే మార్చేయకుండా కాపలా పెట్టుకోవడం. ఇంకో పెద్ద భాగం విసుగుని భరించడం. కసి పాత్ర ఈ రెండింటి తర్వాతే.

ఈ సంగతి మనవాళ్లకి తెలియనిదేం కాదు. కిష్కింధకాండ చివర్లో వానరులంతా సముద్రం ఒడ్డున కూలబడి ఉంటారు. ఎవరెంత దూరం దూకగలరో చెప్పమంటాడు అంగదుడు. ఒకడు పది యోజనాలంటాడు, ఒకడు ఇరవై అంటాడు, అలా పెరుగుతూ పోయి జాంబవంతుడు వయసు మీద పడింది కాబట్టి తొంభై దాకా వెళ్తానంటాడు. లంకకి కావలసింది నూరు. అప్పుడు అంగదుడు అంటాడు: నూరు యోజనాలూ దూకగలను గానీ, తిరిగి రాగలనో లేదో చెప్పలేను. యువరాజు. అందరూ తనవైపే చూస్తున్నారు. సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయింది, ఉత్తచేతులతో వెళ్తే ప్రాణాలు దక్కవు. అలాంటప్పుడు ఆ మాట అన్నాడు. మోటివేషన్ స్పీచుల్లో జాంబవంతుడు హనుమంతుడికి బలం గుర్తుచేసిన ఘట్టం మాత్రమే వస్తుంది. దానికి ముందు జరిగిన ఈ లెక్కల సమావేశం రాదు. ఆ సమావేశంలో ఒక్కడు కూడా లేని గొప్ప చెప్పుకోలేదు, పది యోజనాలన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. మన వైవాల్లో ఆ మాత్రం మర్యాద ఉంటే బాగుండేది.

తిరుగు ప్రయాణం లెక్కలో లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1996 మే 10 కన్నా స్పష్టమైన రోజు నాకు దొరకలేదు. ఆ రోజు ఎవరెస్టు మీద దక్షిణం వైపు నుంచి చాలామంది ఒకేసారి ఎక్కుతున్నారు. అందులో న్యూజీలాండ్‌కి చెందిన రాబ్ హాల్ బృందం ఒకటి. హాల్ అప్పటికే నాలుగుసార్లు ఎవరెస్టు ఎక్కినవాడు, జాగ్రత్తపరుడని పేరు. ఏ వేళకి ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందేనని బృందానికి ముందే చెప్పాడు. అయితే ఆ వేళ ఒంటిగంటా, రెండా అన్నది మాత్రం గట్టిగా తేల్చలేదని అదే బృందంలో ఉన్న జాన్ క్రాకౌర్ తన 'ఇంటు థిన్ ఎయిర్' పుస్తకంలో రాశాడు. చూడటానికి చిన్న విషయం. మన డ్రాయింగుల్లో టాలరెన్స్ రాయకుండా వదిలేసినంత చిన్న విషయం.

ఆ బృందంలో డగ్ హాన్సెన్ అనే పోస్టాఫీసు ఉద్యోగి ఉన్నాడు. అంతకుముందు ఏడాది శిఖరానికి కాస్త దూరంలో హాలే అతన్ని వెనక్కి తిప్పాడు. తర్వాత హాలే ఫోన్లు చేసి, ఫీజు తగ్గించి, మళ్లీ రమ్మన్నాడు. 1996లో హాన్సెన్ శిఖరం చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. హాల్ అతని కోసం పైనే ఆగాడు. తుఫాను వచ్చింది. ఇద్దరూ దిగలేదు. హాల్ చివరి మాటలు రేడియో ద్వారా, శాటిలైట్ ఫోన్ ద్వారా న్యూజీలాండ్‌లో ఉన్న గర్భవతి అయిన భార్యకి చేరాయి. ఆ రెండు రోజుల్లో కొండ మీద మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఉత్తరం వైపు నుంచి ఎక్కిన మన ఐటీబీపీ జవాన్లు.

హాల్‌కి నియమం తెలియదా? ఆ నియమం పెట్టిందే ఆయన. మరి ఎందుకు దాటాడు? ఇక్కడే మనస్తత్వశాస్త్రం మొదలవుతుంది. ఎవరెస్టు శిఖరం మీద ఒక్కో ఊపిరిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదాంట్లో మూడో వంతు. ఎనిమిది వేల మీటర్లు దాటాక మెదడు మందగిస్తుంది, కూడికలు కూడా సరిగ్గా రావు. తమాషా ఏమిటంటే, మందగించిన మెదడుకి తను మందగించానన్న సంగతి తెలియదు. రాత్రి మూడింటికి అసైన్‌మెంట్ రాస్తూ అద్భుతంగా వస్తోందనుకుని, పొద్దున్నే చూసుకుని తల పట్టుకోవడం మనకి అనుభవమే కదా, దాన్ని కొన్ని రెట్లు పెంచి ఊహించుకోండి. పైగా శిఖరం కళ్లెదుటే ఉంటుంది. పెట్టిన డబ్బు, రెండేళ్ల కష్టం, పోయినేడాది మిగిలిన బాధ అన్నీ కలిసి ముందుకి తోస్తుంటాయి. హాన్సెన్‌ని రెండోసారి కూడా ఖాళీగా పంపలేని జాలి హాల్‌ని ఆపి ఉంటుంది. జాలిపడటం దోషం కాదు. కానీ నిర్ణయం తీసుకోవాల్సిన చోటు అది కాదు. అందుకే ఆ నిర్ణయం కింద, బేస్ క్యాంపులో, ఇంకా మంచిదైతే ఇంట్లో, కడుపు నిండా తిని నిద్రపోయిన బుర్రతో తీసుకుని ఉండాలి. పైన చేయాల్సింది గడియారం చూడటం ఒక్కటే అన్నంత స్పష్టంగా ఉండాలి.

అదే బృందంలో ఇంకో ముగ్గురున్నారు: హచిసన్, టాస్కే, కసిష్కే. ఉదయం పదకొండున్నర ప్రాంతంలో, ముందున్న క్యూ చూసి, ఈ నడకతో వేళకి చేరం అని లెక్క వేసుకుని వెనక్కి తిరిగారు. వాతావరణం అప్పటికి బాగానే ఉంది. ఒంట్లో ఓపిక ఉంది. కట్టిన డబ్బు అరవై అయిదు వేల డాలర్లు. ముగ్గురూ బతికారు. ఈ ముగ్గురి బొమ్మ ఏ ఆడిటోరియంలోనైనా స్లైడు మీద వేయగా ఎవరైనా చూశారా? నేను చూడలేదు.

అదే సీజన్‌లో యోరాన్ క్రాప్ అనే స్వీడన్ కుర్రాడి కథ నాకు ఇంకా ఇష్టం. 1995 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో సైకిలెక్కి నేపాల్ దాకా తొక్కుకుంటూ వచ్చాడు. సామానంతా తనే మోసుకున్నాడు. ఆక్సిజన్ సిలిండర్ లేదు, షెర్పాల సాయం లేదు. 1996 మే 3న శిఖరానికి సుమారు వంద మీటర్ల దూరంలోకి వచ్చాడు. పొద్దుపోయింది. ఇప్పుడు ఎక్కితే దిగేటప్పుడు చీకటిపడుతుంది, అలసటతో దిగలేను అనుకుని వెనక్కి తిరిగాడు. వేల కిలోమీటర్లు సైకిల్ తొక్కి వచ్చి, వంద మీటర్ల దగ్గర! మన ఫుట్‌బాల్ గ్రౌండ్ పొడవంత దూరం. ఆయన కాళ్లకి అలవాటు చేసినదానికన్నా బుర్రకి అలవాటు చేసినదే నాకు ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాత వారంలోనే పైన చెప్పిన తుఫాను, చావులు. అవన్నీ చూశాక కూడా మే 23న మళ్లీ వెళ్లి శిఖరం చేరాడు. వెనక్కి తిరిగినవాడికే రెండో అవకాశం ఉంటుంది. అలాగని క్రాప్‌కి కొండలు ఎప్పటికీ అభయమిచ్చాయనుకోకండి. 2002లో అమెరికాలో ఓ రాతికొండ ఎక్కుతూ పడి చనిపోయాడు.

ఇదంతా చెబితే మా రూమ్మేట్ ఒక ప్రశ్న వేశాడు. "బయల్దేరకముందే వెనక్కి తిరగడం గురించి ఆలోచించేవాడు అసలు బయల్దేరతాడా? నీకు తెలిసిన సైకాలజీలో పాజిటివ్ థింకింగ్ లేదా?" అని. న్యాయమైన ప్రశ్నే. దీనికి జర్మనీలో పుట్టిన గాబ్రియేల్ ఒటింగెన్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలో జవాబుంది, పైగా అది మన ప్లేస్‌మెంట్ బ్యాచ్‌కి సూటిగా తగిలే జవాబు. ఆమె, డోరిస్ మేయర్ కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి, చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ల మీద చేసింది. ఉద్యోగం వచ్చేసినట్టు తీయతీయగా ఊహించుకుంటూ గడిపినవాళ్లకి రెండేళ్ల తర్వాత చూస్తే తక్కువ ఆఫర్లు, తక్కువ జీతాలు. అయితే, నాకు ఉద్యోగం వచ్చే అవకాశం ఉందని నమ్మినవాళ్లకి మాత్రం మేలు జరిగింది. నమ్మకం వేరు, పగటికల వేరు. పగటికల కంటే శరీరం ఆ సుఖాన్ని ముందే తాగేసి ఊరుకుంటుంది.

ఆమె చెప్పే పద్ధతి ఏమిటంటే, కావలసినదాన్ని ఊహించుకోవడం, వెంటనే దానికి నాలోనే ఉన్న అడ్డు ఏమిటో చూసుకోవడం. దానికి ఆమె భర్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధన జత కలుస్తుంది (ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో వినాలని ఉంది). ఆయనది "ఇలా జరిగితే అలా చేస్తాను" అని ముందే కట్టుకునే ప్లాను. సీ ప్రోగ్రామింగ్‌లో ఇఫ్ ఎల్స్ రాసినట్టే. "చేతివేళ్లు మొద్దుబారితే అక్కడే ఆగి గ్లవ్స్ మారుస్తాను." "రెండు గంటలు కొట్టేసరికి ఎక్కడున్నా తిరుగుతాను." ఇలా కట్టుకున్నవాళ్లు ఆ క్షణం వచ్చినప్పుడు తర్జనభర్జన పడకుండా చేసేస్తారు. తర్జనభర్జనకి కావలసిన ఆక్సిజన్ అక్కడ లేదు కాబట్టి ఈ ఇఫ్ ఎల్సే వాళ్ల ధైర్యం.

మన దగ్గర ఈ విషయం మాలావత్ పూర్ణ కథ లేకుండా పూర్తికాదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఈ కథని మనవాళ్లు ఎలా చెబుతారు? పేదపిల్ల, కసి, విజయం. మూడు ముక్కలు. వాటి మధ్యలో జరిగినదంతా ఎగిరిపోతుంది. శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు నేర్చుకోవడం, తర్వాత డార్జిలింగ్‌లో కోర్సు, తర్వాత లడఖ్ చలికాలంలో శిక్షణ. ప్రతి మెట్టులోనూ చాలామంది పిల్లల్ని వడపోసుకుంటూ వచ్చి చివరికి ఇద్దరిని తేల్చారు. భువనగిరి గుట్ట మనందరం చూసిందే, ఏకశిల. బస్సులోంచి చూస్తే నున్నగా, బోర్లించిన గిన్నెలా ఉంటుంది. దూరపు కొండలు నునుపు అన్న సామెత అక్కడికి సరిగ్గా సరిపోతుంది: దగ్గరికెళ్లి తాడు కట్టుకుని నిలబడితే కాళ్లు వణుకుతాయి. ఆ పిల్ల మొదటిసారి ఆ వణుకుని చూసింది అక్కడే. వణికినా చేయి ఎక్కడ పెట్టాలో నేర్చుకుంది అక్కడే. భయాన్ని కొద్దికొద్దిగా, కింద పట్టుకునేవాళ్లుండగా, రుచి చూపించారు. ఎవరెస్టు దారిలో మృతదేహాలు చూసి భయపడ్డానని ఆమె తర్వాత దాచుకోకుండా చెప్పింది. ఆ మాట వింటే నాకు ఆమె మీద గౌరవం రెట్టింపైంది. భయం లేని పిల్లని కొండ మీదికి పంపకూడదు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనాలి. పూర్ణ ఎక్కిన సీజన్‌లోనే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో హిమఖండం కూలి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. పూర్ణ బృందం టిబెట్ వైపు ఉంది కాబట్టి ఆ దారి వాళ్లది కాదు. కానీ ఆ పదహారుమంది చేస్తున్న పని ఏమిటంటే, వేరేవాళ్ల శిఖరాల కోసం సామాన్లు మోయడం. "నా ప్రాణం, నా ఇష్టం" అనే మాట కొండ మీద ఎప్పుడూ పూర్తిగా నిజం కాదు. నువ్వు వెనక్కి తిరగకపోతే నిన్ను వెతకడానికి ఇంకెవరో ఎక్కాలి.

ఇప్పుడు విసుగు సంగతి. సాహసం అంటే గాలివానా, మంచుచరియలూ అనుకుంటాం. నిజానికి ఎక్కువ రోజులు ఏమీ జరగకుండా గడుస్తాయి, ఆ ఏమీ జరగకపోవడమే మనుషుల్ని విరుస్తుంది. 1898 మార్చిలో 'బెల్జికా' అనే ఓడ అంటార్కిటికా దగ్గర మంచులో ఇరుక్కుపోయి, ఏడాది పాటు కదల్లేదు. అక్కడ చలికాలాన్ని మంచులో గడిపిన మొదటి బృందం వాళ్లే. మే మధ్యలో సూర్యుడు అస్తమించి రెండు నెలలకి పైగా మళ్లీ కనబడలేదు. మనుషులు మాటలు మానేశారు, తిండి సహించడం లేదు, గుండె దడ, నిద్ర పట్టదు. ఒకరు చనిపోయారు. ఒకరికి మతి చలించింది. ఓడ డాక్టరు ఫ్రెడరిక్ కుక్ చేసిన వైద్యం చూడండి: అందరూ తాజా పెంగ్విన్ మాంసం, సీల్ మాంసం తినాలి. రోజూ ఓడ చుట్టూ నడవాలి. బాగా నీరసించినవాళ్లు రోజుకింతసేపు మంట ముందు కూర్చుని కాగాలి. పెంగ్విన్ మాంసం రుచి పరమ ఘోరమట, కెప్టెన్ జెర్లాష్ చాన్నాళ్లు ముట్టనన్నాడు, మంచం పట్టాక తిన్నాడు, లేచి కూర్చున్నాడు. తిండి, నడక, వెచ్చదనం, వేళ. మనసుకి ఇచ్చిన మందు శరీరం ద్వారానే వెళ్లింది. పరీక్షల ముందు మన అమ్మలు ఫోన్ చేసి "తిన్నావా, పడుకున్నావా" అని తప్ప ఇంకేమీ అడగరు. కుక్ చేసినదీ ఇంచుమించు అదే.

ఆ ఓడలో రోవాల్ అముండ్‌సెన్ అనే పాతికేళ్ల నావికుడున్నాడు. అన్నీ చూస్తూ నేర్చుకున్నాడు. పదమూడేళ్ల తర్వాత, 1911లో, దక్షిణ ధ్రువానికి మొదట చేరింది ఆయనే. అక్కడ కూడా మనకి చెప్పని ముక్క ఒకటుంది. స్కాట్ కన్నా ముందు చేరాలన్న ఆత్రంలో సెప్టెంబరు 8నే బయల్దేరేశాడు. చలి మైనస్ యాభై దాటింది, మనుషుల మడమలు మంచుకి దెబ్బతిన్నాయి, తిరిగొచ్చేశాడు. ఆ తిరిగి రావడంలో కొందర్ని వెనక వదిలేసి ముందు తను చేరుకున్నాడని యోహాన్సెన్ అందరి ముందూ కడిగేశాడు. గొడవ చల్లారలేదు, యోహాన్సెన్‌ని ధ్రువయాత్ర నుంచి తప్పించాడు (ఆ విషయంలో నా సానుభూతి యోహాన్సెన్ వైపే). అక్టోబరులో మరో నలుగురితో మళ్లీ బయల్దేరి డిసెంబరు 14న చేరాడు. రోజుకి ఇంత దూరం అని పెట్టుకుని, ఎండ బాగున్నా, ఓపికున్నా, అది అయ్యాక టెంటు వేసేసేవాడు. రాత్రంతా చదివి పొద్దున్న హాల్లో కునుకుపడే మా హాస్టల్ వీరులకి ఇది వినిపించదు.

ధ్రువాల్లోనూ అంతరిక్షంలోనూ గడిపినవాళ్లని చూసి బెక్టెల్, బెర్నింగ్ అనే ఇద్దరు 1991లో ఒక సంగతి రాశారు: ఎంత పొడుగు యాత్రైనా సగం దాటాక వచ్చే మూడో పాతికలో మనసు బాగా కుంగుతుంది. మొదట్లో కొత్త, చివర్లో ఇల్లు కనబడుతుంది, మధ్యలో రెండూ లేవు. తర్వాత చేసిన అన్ని పరిశోధనల్లోనూ ఇది కనబడలేదు కాబట్టి దీన్ని న్యూటన్ సూత్రంలా పట్టుకోనక్కర్లేదు. కానీ థర్డియర్ రెండో సెమిస్టర్ గుర్తుతెచ్చుకుంటే నాకు నవ్వొచ్చింది. కుంగడం ఫలానా వేళ వస్తుందని ముందే తెలిసినవాడు అది వచ్చినప్పుడు "నాలో ఏదో లోపం ఉంది" అనుకోడు, "వేళయింది, వచ్చింది" అనుకుంటాడు.

ఎర్నెస్ట్ షాకిల్టన్ దగ్గరికి రాకుండా ఉండలేను. ఎండ్యూరెన్స్ ఓడ మునిగిపోయినా 28 మందినీ బతికించి తెచ్చిన కథ అందరూ చెబుతారు. నాకు దానికన్నా 1909 జనవరి 9 పెద్దది. ఆ రోజు ఆయన, మరో ముగ్గురు దక్షిణ ధ్రువానికి 180 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. అప్పటికి మానవుడెవడూ అంత దక్షిణంగా వెళ్లలేదు. ముందుకెళ్తే ధ్రువం చేరవచ్చు, తిండి సరిపోదు కాబట్టి తిరిగి రాలేరు. అంగదుడి లెక్కే. తిరిగొచ్చేశారు. చచ్చిన సింహం కన్నా బతికున్న గాడిద నీకు నయం కదా అన్నట్టు భార్యతో అన్నాడని చెబుతారు. ఆ ధ్రువం ఆయనకి ఆ తర్వాత కూడా దక్కలేదు. ఎండ్యూరెన్స్ తర్వాత ఆయన మనుషులు ఇరవై రెండుమంది ఎలిఫెంట్ దీవి మీద, బోర్లించిన పడవల కింద, నాలుగున్నర నెలలు ఎదురుచూశారు. ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు, వస్తాడో రాడో తెలియదు. వాళ్లు నమ్మకం పోగొట్టుకోకపోవడానికి 1909లో చూపించిన ఆ గాడిదతనం కూడా ఒక కారణమని నా ఊహ. మనల్ని చంపి పేరు తెచ్చుకునే మనిషి కాడని వాళ్లకి తెలుసు.

ఇదే షాకిల్టన్‌ని ఆరాధించిన హెన్రీ వర్స్‌లీ అనే బ్రిటిష్ సైనికాధికారి 2015 నవంబరులో ఒంటరిగా, ఎవరి సాయం లేకుండా అంటార్కిటికా దాటడానికి బయల్దేరాడు. డెబ్భై రోజుల పైన నడిచాడు. గమ్యం ఇంకో యాభై కిలోమీటర్లు కూడా లేదు. అప్పుడు సాయం కోసం పిలిచాడు. విమానం వచ్చింది, ఆస్పత్రికి చేర్చారు, కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరిపోయి 2016 జనవరి 24న చనిపోయాడు. ఆగాడు, కానీ ఆలస్యంగా. తన గురువు 180 కిలోమీటర్ల దగ్గర ఆగిన సంగతి ఆయన కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. తెలిసినా సరిపోలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు నీ మొహం చూసి "నువ్వు బాలేవు, ఇక చాలు" అని చెప్పడానికి ఎవరూ లేరు. మన ఒంట్లో ఏం జరుగుతోందో మన మనసుకి చివరగా తెలుస్తుంది. అందుకే తాడుకి రెండో కొసన మనిషి కావాలి.

నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు పేరు మీలో చాలామందికి తెలుసు. కోరుకొండ సైనిక్ స్కూలు, తర్వాత ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు, ఏప్రిల్ మొదట్లో మృతదేహం దొరికింది. ఆయన ఎక్కడ ఏం నిర్ణయించుకున్నాడో ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చుని నేను తీర్పు చెప్పను. అంత సిద్ధమైన మనిషి కూడా కొండ మీద ఉండిపోవచ్చు. సిద్ధమవడమనేది ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ లాంటిది, పెంచుకోవచ్చు గానీ అనంతం చేయలేం. నాకు బాధ కలిగించేది మనం ఆయన్ని గుర్తుపెట్టుకునే తీరు. డిగ్రీలు వరసగా చెప్పి, రికార్డు చెప్పి, "కలల కోసం ప్రాణమిచ్చాడు" అని ముగిస్తాం. ఆ మాట విన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఏం అర్థమవుతుంది? ప్రాణం పెట్టడమే గొప్ప అని. మార్కుల కోసం, ప్యాకేజీ కోసం, ర్యాంకు కోసం కూడా ఆ కుర్రాడు అదే తూకం వాడతాడు. మన రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాల మర్నాడు పేపర్లు తెరవడానికి భయమేసే పరిస్థితి ఎందుకొచ్చిందో ఎవరికి వాళ్లం ఆలోచించుకోవచ్చు. వెనక్కి తిరగడం అనే దారి ఒకటుందని పిల్లలకి ఏ స్లైడులోనూ మనం చూపించలేదు.

మన అడ్వెంచర్ క్లబ్ వచ్చే నెల ట్రెక్ పోస్టర్ అంటించింది, చూసే ఉంటారు. మెరుపుల బ్యాక్‌గ్రౌండ్ మీద "నో టర్నింగ్ బ్యాక్" అని తెలుగులిపిలోనే రాశారు, అందుకు మాత్రం సాహిత్య క్లబ్బు తరఫున అభినందనలు. రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, బ్రాంచి, బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు, టీషర్టు సైజు అడిగారు. దాని కింద ఇంకో రెండు గడులు పెట్టమని కోఆర్డినేటర్‌ని అడిగాను. మధ్యాహ్నం ఏ గంటకి, ఎక్కడున్నా సరే, వెనక్కి తిరుగుతావు? ఆ వేళకి నీకు అది గుర్తుచేసే మనిషి ఎవరు? ఆయన "చూద్దాం లేరా, ఫారం ఇప్పటికే ప్రింటుకి వెళ్లింది" అన్నాడు. రిజిస్ట్రేషన్లు వచ్చే సోమవారం దాకా ఉన్నాయి. ఫారం వెనక వైపు ఖాళీగానే ఉంది, పెన్నుతో రాసుకోవచ్చు.